ఆషాఢం దాటాక ఇల్లు మారుతున్నారా? అడ్వాన్సు జాగ్రత్త

ఆషాఢంలో ఇల్లు మారరు. మనవాళ్లే కాదు, కన్నడవాళ్లలోనూ చాలామంది అంతే. అందుకే బెంగళూరులో శ్రావణం వచ్చిందంటే మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ వీధిలో చూసినా ఒక టాటా ఏస్ బండి, దాని మీద పరుపు, పరుపు మీద తలకిందులుగా కుర్చీలు. ఆ హడావిడిలో ధ్యాసంతా కొత్తింటి మీదే ఉంటుంది. పాత ఇంట్లో లక్షో లక్షన్నరో అడ్వాన్సు ఉందని గుర్తుకొచ్చేసరికి తాళాలు ఓనరు చేతికి వెళ్లిపోయి ఉంటాయి.

ఈ ఊళ్లో నేను నాలుగు ఇళ్లు మారాను. మొదటి ఇంటి అద్దె 20,000, అడ్వాన్సు 1,20,000. ఖాళీ చేస్తే చేతికొచ్చింది 83,500. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె, క్లీనింగ్‌కని 7,500, తలుపు మీద గీతలకీ వంటింటి కుళాయికీ కలిపి 6,000, చివరి కరెంటు, నీళ్ల లెక్క 3,000. కరెంటు, నీళ్లు సరే, మనం వాడినవే. కుళాయి మాత్రం మేం దిగిన రోజు నుంచీ కారుతూనే ఉంది. ఆ మాట అన్నాను కూడా. "అప్పుడు చెప్పలేదే?" అన్నాడు ఓనరు. నిజమే, చెప్పలేదు. కింద మగ్గు పెట్టుకుని రెండేళ్లు గడిపేశాం.

కాబట్టి మొదట చేయాల్సింది చీపురు పట్టుకోవడం కాదు, అగ్రిమెంటు బయటికి తీయడం. పదకొండు నెలల కాగితమే కదా అని సంతకం పెట్టి బీరువాలో పడేస్తాం. ఇప్పుడు అందులో మూడు విషయాలు చూడండి. నోటీసు ఒక నెలా, రెండు నెలలా? పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు? క్లీనింగ్ గురించి విడిగా ఏమైనా రాశారా? నోటీసు నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. ఫోన్ చేసి చెప్పినా, వెంటనే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో "అంకుల్, ఫలానా తేదీకి ఖాళీ చేస్తున్నాం" అని తేదీతో సహా పెట్టండి. శ్రావణంలో మారాలంటే ఈ మెసేజ్ ఆషాఢంలోనే వెళ్లాలి, రెండు నెలల నోటీసైతే ఇంకా ముందే. నోటీసు తగ్గినన్ని రోజుల అద్దె అడ్వాన్సులోంచే పోతుంది.

పెయింటింగ్‌కు నెల అద్దె కోసుకోవడం బెంగళూరులో దాదాపు ఆచారమైపోయింది. కాగితంలో రాసి, మనం సంతకం పెట్టి ఉంటే దాని మీద గొడవపడి లాభం లేదు. కానీ అలా కోస్తున్నప్పుడు గోడలు తోమడానికి మనిషిని పెట్టకండి. ఎలాగూ రంగు వేయబోయే గోడకు క్లీనింగ్ డబ్బులెందుకు? పెయింటింగూ, గోడల మరకలూ అని రెండు పద్దులు రాస్తే మాత్రం నిలదీయాల్సిందే. వీలైతే "నెల అద్దె కాదు, అయిన ఖర్చు బిల్లు చూపించి పట్టుకోండి" అని అడిగి చూడండి. కొందరు ఒప్పుకుంటారు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఇల్లు మన చేతికి ఎలా వచ్చిందో అలా తిరిగి ఇవ్వాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మన నెత్తిన పడదు. రంగు వెలవడం, తలుపు పిడి మెరుపు పోవడం అరుగుదల. పిల్లాడు గోడ మీద క్రేయాన్‌తో వేసిన రైలుబండి అరుగుదల కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త వివరంగా చెప్పింది. వెల్ల వేయించడం, తలుపులకు, కిటికీలకు రంగు, పైపులు, వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం, స్విచ్చులు, గీజరు రిపేర్లు అద్దెకున్నవారివి. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని కూడా అందులో ఉంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఓనరుతో వాదనకు దిగేటప్పుడు దాన్ని ఆయుధంలా ఝళిపించకండి. ఏ పని ఎవరిదో తేల్చుకోవడానికి మాత్రం మంచి జాబితా.

ఇక శుభ్రం సంగతి. ఓనర్లు ముందు చూసేది వంటిల్లే, అందులోనూ మన వంటిల్లు. రోజూ పోపులు, వేపుళ్లు, ఆదివారం చికెన్. స్టవ్ వెనక టైల్స్ మీద పసుపు రంగు జిడ్డు పొరలా పేరుకుని ఉంటుంది, మనకు అలవాటై కనిపించదు. వేడినీళ్లలో గిన్నెల సబ్బు, వంటసోడా కలిపి, గుడ్డ తడిపి ఆ టైల్స్‌కు అంటించి పావుగంట వదిలేయండి, తర్వాత తుడిస్తే వచ్చేస్తుంది. చిమ్నీ ఉంటే జాలీలు విప్పి అదే నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. సింకు కింద అర తెరిచి చూడండి. మా మూడో ఇంటి ఓనరు హాల్లోకి కూడా చూడకుండా నేరుగా వచ్చి, ఫోన్ టార్చ్ వేసి, మోకాళ్ల మీద కూర్చుని సింకు కిందకి తొంగి చూశాడు. అక్కడ పాత పేపర్లు, రెండు బొద్దింకలు. ఆ తర్వాత ఇల్లంతా ఎంత మెరిసినా ఆయన ముఖం మారలేదు.

బాత్రూముల్లో అసలు శత్రువు బోరునీళ్లు. కావేరి నీళ్లు రాని ఏరియాల్లో కుళాయిల మీద, షవర్ మీద, గాజు తలుపు మీద తెల్లగా ఉప్పు గట్టిపడుతుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి అరగంట ఉంచితే మెత్తబడుతుంది. ఇనుప పీచు పెట్టి రుద్దితే ఉప్పుతోపాటు కుళాయి పైపూత కూడా పోతుంది, దానికి మళ్లీ డబ్బులు. వెనిగర్, నిమ్మ, యాసిడ్ ఏవైనా సరే, పాలరాయి మీద, కడప బండ మీద పడనివ్వకండి. అవి సున్నపురాళ్ల జాతి, పడినచోట మచ్చ తేలుతుంది.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. ఒకేరోజులో అంతా తెల్లగా చేసేయాలని యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ కలిపి పోస్తారు కొందరు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసుకుని చిన్న బాత్రూములో ఆ పని చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఒక్కసారికి ఒకటే వాడండి, కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.

దేవుడి గూడు మర్చిపోకండి. దీపం మసి, నూనె జిడ్డు, కుంకుమ మరకలు. గడపకు పసుపు రాయడం మన ఇంటి కళే కానీ, పసుపు రంగు పెయింటు వేసి ఉంటే ఓనరుకు ముందే చెప్పి ఒప్పించుకోండి. సంక్రాంతికి గుమ్మం ముందు పెయింటుతో వేసిన ముగ్గుకూ ఇదే మాట.

గోడ మీద నల్లగా బూజు పట్టిందనుకోండి, అది బయట నుంచి చెమ్మ దిగి వచ్చిందా, మనం కిటికీ మూసి లోపల బట్టలు ఆరేసినందుకు వచ్చిందా అన్నదే ప్రశ్న. చెమ్మ కనిపించిన రోజే ఫొటో తీసి ఓనరుకు పంపి ఉంటే ఆ ప్రశ్న మన వైపే తేలుతుంది.

పాత పరుపు, విరిగిన కుర్చీ వదిలేసి వెళ్లకండి. రోజూ వచ్చే చెత్త ఆటో తడి చెత్త, పొడి చెత్త తీసుకుంటుంది కానీ పరుపు జోలికి రాదు. దాన్ని ఎత్తించిన కూలీ కూడా మీ లెక్కలోకే వస్తుంది. సెకండ్ హ్యాండ్ వాళ్లకో, సెక్యూరిటీ అన్నకో వారం ముందే అడిగి ఇచ్చేయండి.

బ్యాచిలర్లకు ఒక మాట. అగ్రిమెంటు ఒకరి పేరుతో ఉంటుంది. మధ్యలో వెళ్లేవాడు తన వాటా కొత్తగా వచ్చేవాడి దగ్గర తీసుకుని వెళ్లిపోతాడు. చివరికి మిగిలినవాడు నాలుగేళ్ల డ్యామేజీ మొత్తం మోస్తాడు. కొత్తవాడు డబ్బు ఇచ్చే ముందు ఇల్లంతా వీడియో తీసి గ్రూపులో పెట్టుకోండి.

ఖాళీ చేయడానికి వారం ముందు ఓనర్ని ఒకసారి పిలిచి చూపించండి. అంటే సామాను ఉండగానే. "ఏమేం చేయించాలి అంకుల్?" అని అడిగి, ఆయన చెప్పినవి మెసేజ్‌గా పెట్టుకోండి. ఏడు వందలకు మనం ప్లంబర్‌తో చేయించే పని ఆయన లెక్కలో మూడు వేలవుతుంది. సామాను దించాక, గదులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు, తేదీ కనిపించేలా వీడియో తీయండి. కుళాయిలు విప్పి, లైట్లు వేసి, అరలు తెరిచి. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తప్పనిసరి. అపార్ట్‌మెంటైతే మెయింటెనెన్స్ బాకీ, అసోసియేషన్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), లిఫ్టులో సామాను దించే టైములు కూడా ముందే కనుక్కోండి.

చివరి చిక్కు డబ్బు. "కొత్తవాళ్లు అడ్వాన్సు ఇచ్చాక ఇస్తా, స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు, అంటే కాస్త సర్దుకోండి అని. మంచి మనుషులు కూడా అంటారు, ఎందుకంటే మన డబ్బు ఎప్పుడో ఖర్చైపోయి ఉంటుంది. తాళాలు పట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదు, ఆ రోజుల అద్దె కూడా కోస్తారు. నోటీసు ఇచ్చినప్పుడే "తాళాలు, అడ్వాన్సు ఒకేరోజు" అని మాట్లాడుకోండి, లేదా చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో సర్దుకోమని అడిగి ఆయన ఒప్పుకున్నట్టు మెసేజ్ తీసుకోండి. అడక్కుండా అద్దె ఆపేస్తే మన తప్పే అవుతుంది. కోతలు ఏవైనా సరే పద్దు రాసి, బిల్లుతో ఇవ్వమనండి. ఇవ్వకుండా నెలలు నానిస్తే లాయరు నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. రావాల్సిన డబ్బు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు. చాలా గొడవలు నోటీసు దగ్గరే తెగిపోతాయని నా నమ్మకం, నేనైతే అక్కడిదాకా వెళ్లలేదు.

అన్నట్టు, కొత్తింట్లో పాలు పొంగించే ముందే అన్ని గదులూ, ముఖ్యంగా సింకు కింద, ఫొటోలు తీసి ఆ ఓనరుకు పంపేయండి. పాలు పొంగాక స్టవ్ గట్టు మీద పడే మరక ఎలాగూ మన లెక్కే.