పిల్లలకి హిక్‌మాన్ లైన్ ఉంటే ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలంటే

మా బాబుకి కీమో (క్యాన్సర్ మందులు) కోసం ఛాతీలోంచి పెద్ద రక్తనాళంలోకి వెళ్లే సన్నటి గొట్టం, అంటే హిక్‌మాన్ లైన్ వేసి పది నెలలైందండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, లైన్ వేసిన ఆసుపత్రి వైజాగ్‌లో, అందుకే నర్సమ్మ నేర్పినవీ మేం భయపడి నేర్చుకున్నవీ రాస్తున్నా.

ముందు జ్వరం సంగతి. థర్మామీటర్‌లో 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే, పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ఆ గొట్టం కొస గుండె పక్కన పెద్ద రక్తనాళంలో ఉంటుంది, దాంట్లో క్రిములు చేరితే నేరుగా రక్తంలోకే. ఒకసారి ఫ్లష్ చేసిన (సిరంజితో సెలైన్ తోసి లైన్ కడిగిన) అరగంటకి మావాడు గడగడా వణికిపోయాడు, ఒళ్లు కాలట్లేదు కదా అని మా అత్తగారు దుప్పటి కప్పారు, గంట తిరక్కుండా 103. ఫ్లష్ తర్వాత చలి వచ్చిందంటే జ్వరం కోసం కూడా ఆగకండి. వెంటనే మీ డాక్టర్‌కి ఫోన్ కొట్టండి, అంత దూరం వెళ్లేలోపు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కి (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) తీసి మొదటి యాంటీబయాటిక్ పడేలా ఇద్దరు డాక్టర్లనీ ఫోన్‌లో మాట్లాడించండి. డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

లైన్ ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి, లైన్ చివరుండే క్యాప్‌ని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది ఆరనివ్వాలి, ఊదకూడదు. సిరంజి 10 ఎం.ఎల్. కంటే చిన్నది వాడొద్దు, చిన్నదాంట్లో ప్రెషర్ ఎక్కువ, లైన్ పగిలిపోవచ్చు. సెలైన్ వెళ్లకపోతే బలవంతంగా తోయకండి, లోపల గడ్డ కట్టిందేమో, ఆసుపత్రి వాళ్లే చూడాలి. మెడో మొహమో చెయ్యో వాచినా అంతే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మన కోనసీమ ఉక్కకి డ్రెస్సింగ్ అంచులు తొందరగా లేచిపోతాయండి. ప్లాస్టిక్ డ్రెస్సింగ్ వారానికోసారి మార్చమంటారు గానీ తడిసినా ఊడినా అప్పుడే మార్చాలి. కాలవలో ఈతలు, చెరువు స్నానాలు వద్దే వద్దు, 2027 పుష్కరాలకి కూడా లైన్ ఉన్న పిల్లల్ని గోదాట్లో ముంచకండి, పాపం పిల్లలు ఏడుస్తారు, మావాడూ కాలవ గట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

లైన్ చిట్లితే చిట్లినచోటికీ ఒంటికీ మధ్య క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేసి, శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) చుట్టి పరుగెత్తాలి, లేకపోతే రక్తం పోవడమే కాదు గాలి లోపలికి వెళ్తుంది. అందుకే అదనపు క్లాంప్ ఒకటి ఎప్పుడూ పిల్లాడి చొక్కాకే పిన్నీసుతో గుచ్చి ఉంచుతాం, ఇంకోటి వాళ్ల టీచరమ్మకిచ్చి ఎలా వెయ్యాలో చూపించాం.