గ్రనాడాలో చవకైన బసను ఎంచుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల యాత్రికులకు

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాకు అల్హంబ్రా కోటను చూడడానికి వెళ్ళే మన జిల్లాల కుటుంబాలు గది వెతికేటప్పుడు ముందుగా అద్దెను చూస్తాయి. ఆ ఊరి విషయంలో మాత్రం అద్దె కంటే ముందు ఆ బస కొండ మీద ఉందా, కింద ఉందా అన్నది తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

అల్హంబ్రాకు ఎదురుగా ఉన్న కొండ మీది అల్బైసిన్ పాతపేట ఎంతో అందమైనది. 1994లో అది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అయితే అక్కడి సందులు ఇరుకుగా, నిటారుగా, గులకరాళ్ళు పరచి ఉంటాయి, చాలా ఇళ్ళ గుమ్మం దాకా కారు రాదు. ఉదయగిరి దుర్గం ఎక్కే ఓపిక ఉన్నవారికైనా చక్రాల పెట్టెలు లాక్కుంటూ ఆ సందులు ఎక్కడం కష్టమే కాబట్టి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే కింద ప్లాజా నుయేవా, గ్రాన్ వియా పరిసరాల్లోనే గది తీసుకోవడం మేలు. అక్కడి నుంచి సి30, సి32 చిన్న బస్సులు అల్హంబ్రాకు, సి31 అల్బైసిన్‌కు వెళతాయి.

చవక బసల్లో ద్వారం పక్కన ఉండే నీలిరంగు పలకను గమనించండి. దాని మీద హెచ్, ఎస్ అక్షరాలు కలిసి ఉంటే అది సాధారణంగా విడి గదులున్న చిన్న లాడ్జి. పి అని ఉంటే అంతకంటే సాదా వసతి, స్నానాల గది పలువురికి ఉమ్మడిగా ఉండవచ్చు. పాత భవనాల్లో లిఫ్టు లేకపోవడం మామూలే కనుక, గది ఎన్నో అంతస్తులో ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అక్కడ రాత్రి భోజనాలే తొమ్మిది దాటాక మొదలవుతాయి, వీధిలో మాటలు అర్ధరాత్రి దాకా వినిపిస్తాయి; వెలుతురు తగ్గినా, వీధి వైపు కాక లోపలి ముంగిలి వైపు ఉన్న గదే నిద్రకు మంచిది, తరచుగా అద్దె కూడా తక్కువే.

ఎండలకు అలవాటుపడిన మనం ఏసీ ఉందా అని అడుగుతాం గానీ, గది వెచ్చబరిచే ఏర్పాటు గురించి అడగం. గ్రనాడా సుమారు 700 మీటర్ల ఎత్తున, మంచు కప్పుకునే సియర్రా నెవాడా పర్వతాల చెంత ఉంది. జనవరి రాత్రులు సున్నా డిగ్రీల దాకా చల్లబడతాయి. కాబట్టి చలికాలంలో వెళితే ఆ ఏర్పాటు ఉందో లేదో అడగండి. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఏసీ లేని గది వద్దు.

మన పిల్లల వేసవి సెలవుల్లో వెళ్ళేవారు తేదీలు జాగ్రత్తగా చూసుకోవాలి. ఈస్టర్‌కు ముందు వారంలోనూ, మే చివరకో జూన్‌లోనో వచ్చే కార్పస్ క్రిస్టి అనే క్రైస్తవ ఉత్సవ వారంలోనూ గదులకు గిరాకీ బాగా పెరుగుతుంది. అల్హంబ్రాలోని నస్రిద్ రాజభవనాలకు టికెట్టు మీద వేసిన సమయానికే ప్రవేశం, ఆ టికెట్లు ముందుగానే అయిపోతుంటాయి. అందువల్ల ముందు టికెట్టు, తరువాతే గది. స్పెయిన్‌కు వెళ్ళడానికి కావలసిన షెంజెన్ వీసా దరఖాస్తులో బస వివరాలు చూపాలి కనుక, కొంచెం ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకుని, ఆ రద్దు గడువు వీసా నిర్ణయం వచ్చే నాటికి ముగిసిపోకుండా చూసుకోండి.