ఆధార్ గడిని కార్డులో ఉన్నట్టే చూపండి
తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు బుకింగ్ యాప్‌లు తయారుచేసేవారు ఆధార్ గడిలో 12 అంకెలనూ ఏకబిగిన కాకుండా, కార్డు మీద ఉన్నట్టే నాలుగేసి అంకెల చొప్పున విడదీసి చూపాలి. మనిషి ఒక్కసారిగా మనసులో నిలుపుకోగలిగేవి సుమారు నాలుగు అంశాలే కాబట్టి, ఇంటిల్లిపాది కార్డులూ చేత పట్టుకొని బస్టాండులో నిలబడి వివరాలు నింపే యాత్రికుడికి కార్డునూ తెరనూ సరిచూసుకోవడం ఎంతో తేలికవుతుంది. అంకెల మధ్య ఖాళీలను యాప్ తానే చేర్చాలి. ఖాళీలతో టైపు చేసినా తిరస్కరించకూడదు. ఆధార్‌లో చివరి అంకె మిగతా అంకెలను సరిచూసేందుకే ఉన్నది కనుక, ఒక అంకె తప్పుపడితే వెంటనే పసిగట్టి ఆ గడి కిందనే చెప్పవచ్చు. అంతేగానీ, ‘సమర్పించు’ నొక్కాక ఫారమంతా చెరిపివేయడం, నా దృష్టిలో, వాడేవారి శ్రమను అగౌరవపరచడమే. ఎంచుకున్న తేదీ, గది, అద్దె వివరాలు చెల్లింపు పేజీలోనూ కనబడుతూనే ఉండాలి.