సెకండ్ హ్యాండ్ బండిలో బయటపడే లోపాలు: ముందు ఎవరు చెయ్యి పెట్టారో చూడండి

కొన్న రోజు బుద్ధిగా నడిచిన మోటార్ సైకిల్ వారం తిరక్కుండా మొరాయిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వెంటనే సామాన్లన్నీ మార్చేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. పాత బండిలో కొన్ని లోపాలు అరుగుదల వల్ల వస్తాయి, కొన్ని ఎవరో సగంలో వదిలేసిన రిపేరు వల్ల వస్తాయి. నా అనుభవంలో రెండో రకమే ఎక్కువ, పైగా వాటిని బాగుచేయడం తేలిక. అందుకే ఏ లోపం కనబడినా ముందు టార్చ్ వేసి బండి చుట్టూ చూస్తాను. తల చెక్కుకుపోయిన స్క్రూ, టేపు చుట్టిన వైరు, పాతవాటి మధ్య ఒక్కటే కొత్తగా మెరిసే బోల్టు, ఇంజిన్ అతుకులోంచి పొంగి ఎండిన గమ్ ఎక్కడున్నాయో వెతుకుతాను. అవి ఉన్న చోట ఎవరో విప్పారు, బిగించారు. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి.

కొంతదూరం బాగా నడిచి ఆగిపోతోంది

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు హాయిగా వెళ్తుంది. తర్వాత ఎక్కిళ్లు పడుతూ ఆగిపోతుంది. కాసేపు పక్కన పెడితే మళ్లీ మామూలే.

నేను కొన్న బండికి సరిగ్గా ఇదే జబ్బు. ప్లగ్ మార్చాం, కాయిల్ మార్చాం, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాం, తగ్గలేదు. ఒకరోజు ఆగిపోయిన చోటే, పెట్రోల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూత తిరగేస్తే అసలు వాషర్ లేదు. దాని చోట సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి అంటించారు. పెట్రోల్ కారడం ఆగింది గానీ, దాంతోపాటు మూతకుండే గాలి రంధ్రం కూడా మూసుకుపోయింది. ట్యాంకులోకి గాలి రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు, కార్బురేటర్ ఎండిపోతుంది.

కాబట్టి బండి ఆగిన వెంటనే మూత తెరవండి. ఆ చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే కారణం మూతే. రంధ్రం శుభ్రం చేసి ఆ మోడల్‌కి సరిపోయే వాషర్ వేయండి. చప్పుడు రాకపోతే వేడి మీదే ప్లగ్‌కి కరెంట్ వస్తోందో లేదో చూడాలి. ప్లగ్ విప్పి, క్యాప్‌లో పెట్టి, ఇంజిన్‌కి ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా ఆనించండి, అందులోంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు రాని కరెంట్ చల్లారాక వస్తుంటే కాయిల్ గానీ, ప్లగ్‌కి కరెంట్ ఎప్పుడు పంపాలో సంకేతమిచ్చే పల్సర్ కాయిల్ గానీ పోయి ఉండవచ్చు.

సైలెన్సర్‌లోంచి పొగ

ఫోర్ స్ట్రోక్ బండికి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం. ఇంజిన్ విప్పమనే ముందు ఆయిల్ ఎంతుందో చూడండి. కావాల్సినదానికన్నా ఎక్కువ పోసి ఉంటే ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తన్ని, అక్కడి నుంచి పొగై వస్తుంది. ఎక్కువైంది తీసేసి, డబ్బా తుడిచి, నాలుగు రోజులు నడిపి చూడండి.

అప్పటికీ తగ్గకపోతే పొగ ఎప్పుడు వస్తోందో గమనించాలి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతే, ఆయిల్ కిందికి దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. రేజ్ చేసినకొద్దీ, ఎత్తు ఎక్కినకొద్దీ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులో సిలిండర్ బోరో అరిగింది. సీళ్ల పని చిన్నది, బోరు పని పెద్దది. ఈ తేడా తెలిసి వెళ్తే మెకానిక్‌తో మాట్లాడటం సులువవుతుంది.

నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. చలి ఉదయాల్లో కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి గురించి కంగారొద్దు.

ఇంజిన్ అరుస్తోంది, బండి అందుకోవడం లేదు

క్లచ్ జారుతోంది. ప్లేట్లు పోయాయని ఎవరైనా ఇట్టే చెబుతారు. ముందు లివర్ చివర ఆట, అంటే కేబుల్ లాగడం మొదలయ్యేలోపు అది వదులుగా కదిలే దూరం చూడండి. చాలా బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. కేబుల్ బిగుతుగా ఉంటే ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు. అది సరిగ్గా ఉంటే తర్వాత అనుమానించాల్సింది ఆయిల్‌ని. కార్లకు పోసే ఆయిళ్లలో కొన్నింటికి జారుడు పెంచే రసాయనాలు కలుపుతారు, ఆయిల్‌లో మునిగి తిరిగే క్లచ్‌కి అవి పడవు. పాత ఆయిల్ తీసేసి, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్‌కి సరిపడుతుందని చెప్పే గుర్తు) అని ఉన్న ఆయిల్ పోసి చూసి, అప్పుడు ప్లేట్ల జోలికి వెళ్లండి.

రాత్రి నిలిపితే పొద్దునకి బ్యాటరీ దిగిపోతోంది

మల్టీమీటర్ ఉంటే అరగంట పని. ఛార్జ్ నిండిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వరకు ఎక్కాలి. ఎక్కకపోతే ఛార్జింగ్ కాయిల్, రెగ్యులేటర్, వాటి వైర్లు కలిసే కప్లర్లు చూడండి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోకముందే మార్చండి.

ఛార్జింగ్ బాగున్నా బ్యాటరీ దిగుతుంటే దొంగ కరెంట్ పోతోంది. తాళం తీసేసి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని ఆంపియర్లలో పెట్టండి. మీటర్ అలా ఉండగా తాళం తిప్పకండి, మీటర్ ఫ్యూజ్ కొట్టేస్తుంది. కొద్ది మిల్లీఆంపియర్లకు మించి చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలోనే తప్పుంది. అలారం, అదనపు లైట్లు, పెద్ద హారన్ కోసం గీకి కలిపి టేపు చుట్టిన వైర్లను అన్నిటికన్నా ముందు చూడండి.

హ్యాండిల్ ఒకవైపు లాగుతోంది, వణుకుతోంది

గాలి చూశాక టైరు వయసు చూడండి. టైరు పక్కన డాట్ అనే గుర్తు దగ్గర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. తర్వాత వెనక చక్రం రెండువైపులా చైన్ అడ్జస్టర్ గీతలు సమంగా ఉన్నాయో లేదో పోల్చండి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కున ఆగినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) గుంటలు పడింది.

ఇవన్నీ బాగున్నా లాగుతుంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వంగి ఉండవచ్చు. ఫ్రేమ్ మెడ దగ్గర వెల్డింగ్ మచ్చ గానీ, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ గానీ కనబడితే ఆ బండిని నడపకండి. ఫ్రేమ్ కొలిచి సరిచేసేవాళ్లకు చూపించేదాకా పక్కన పెట్టండి.

డిస్క్ బ్రేక్ లివర్ మెత్తగా దిగుతోంది

ఈ లోపం ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. బ్రేక్ ఆయిల్ గోధుమరంగుకు తిరిగితే పాతదైంది, సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. ఏ గ్రేడ్ పోయాలో మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 లేదా డాట్ 4 ఉన్నచోట డాట్ 5 పోయొద్దు. బ్రేక్ పైపులో చేరిన గాలి పూర్తిగా తీయించాక లివర్‌ను గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. ఎక్కడా కారకుండానే మెల్లగా హ్యాండిల్ వైపు జారుతుంటే లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయింది, దాన్ని మార్చాల్సిందే.