సీటీ స్కాన్ రాశారా? ఏం అడగాలి, ఎలా సిద్ధపడాలి?

సీటీ అంటే ఎక్స్-రే కిరణాలతో ఒంటి లోపలి భాగాలను చూపించే స్కాన్. ఆ పేరు వినగానే కొందరు "రేడియేషన్ అంట, క్యాన్సర్ వస్తుందంట" అని భయపడి, తప్పనిసరిగా చేయించుకోవాల్సిన స్కాన్‌ను కూడా వాయిదా వేస్తారు. ఇంకొందరు మామూలు తలనొప్పికే "ఓసారి స్కాన్ తీయించండి డాక్టరు గారూ" అని తామే పట్టుబడతారు. రెండు వైపులా నష్టం ఉంది. అందుకే చీటీ చేతికి రాగానే ఏం చేయాలో వరుసగా చూద్దాం.

1. ముందు ఎమర్జెన్సీ అవునో కాదో చూసుకోండి

మూతి వంకర పోయింది, ఒక పక్క చెయ్యి పడిపోయింది, మాట తడబడుతోంది అంటే పక్షవాతం కావచ్చు. అప్పుడు ప్రశ్నలతో కాలయాపన వద్దు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది పైకి చూసి చెప్పలేం. మూసుకుపోతే గడ్డను కరిగించే మందు ఇస్తారు. చిట్లినప్పుడు అదే మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాను సీటీ నిమిషాల్లో తేలుస్తుంది. ఆ మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ప్రమాదంలో గట్టి దెబ్బలు తగిలినా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నా సీటీకి ఆలస్యం చేయొద్దు.

మనిషి మెదడును మొదటిసారి సీటీతో స్కాన్ చేసింది 1971లో, లండన్‌లో. అంతకుముందు వెన్ను దగ్గర సూది గుచ్చి, గాలి ఎక్కించి మరీ మెదడును ఎక్స్-రే తీసేవారు. ఆ బాధతో పోలిస్తే ఇది ఎంత పెద్ద మేలో!

2. తొందర లేకపోతే మూడు ప్రశ్నలు అడగండి

ఈ స్కాన్‌లో ఏం తేలితే నా వైద్యం మారుతుంది? అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్ఐతోనో తెలుసుకోలేమా? ఇదివరకు తీసినవి సరిపోవా?

పిత్తాశయంలో రాళ్లకు చాలాసార్లు అల్ట్రాసౌండే మంచిది. మోకాలి లిగమెంట్లు, వెన్నుపాము లాంటివి ఎంఆర్ఐలో బాగా కనిపిస్తాయి. ఈ రెండింటిలోనూ ఎక్స్-రే కిరణాలు ఉండవు.

3. రేడియేషన్‌ను లెక్కతో అర్థం చేసుకోండి

నేల, గాలి, ఆకాశం నుంచి సహజంగానే మనకు ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) రేడియేషన్ అందుతుంది. తల సీటీలో సుమారు 2, పొట్ట సీటీలో 8 నుంచి 10 దాకా ఉంటుంది. మిషన్‌ను, మనిషి ఒంటి తీరును బట్టి ఈ అంకెలు మారతాయి. ఒక్క స్కాన్‌తో క్యాన్సర్ ముప్పు పెరిగేది చాలా కొంచెం. కానీ సున్నా కాదు, పైగా స్కాన్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

పిల్లల విషయంలో మాత్రం గట్టిగా పట్టించుకోండి. ఎదిగే కణాలు రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటాయి, ముందున్న ఆయుష్షూ ఎక్కువ. "డోసు పిల్లల సైజుకు తగ్గించి పెడుతున్నారా, అవసరమైన భాగం వరకే తీస్తారా?" అని నిర్మొహమాటంగా అడగండి. కాంట్రాస్ట్ (లోపలి భాగాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) లేకుండా ఒకసారి, కాంట్రాస్ట్‌తో ఇంకోసారి రాస్తే రెండూ ఎందుకో అడగండి. రెండుసార్లు తీస్తే డోసు దాదాపు రెట్టింపవుతుంది.

4. దాచకుండా చెప్పండి

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా స్కాన్ గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. కాంట్రాస్ట్ ఎక్కిస్తారంటే అది అయోడిన్ ఉన్న మందు. ఇంతకుముందు అది పడకపోయినా, కిడ్నీ జబ్బు ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా చెప్పండి. అవసరమైతే ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తారు. రొయ్యలు, చేపలు పడనివారికి కాంట్రాస్ట్ అసలే ఇవ్వకూడదన్నది అపోహ. ఎన్ని గంటలు ఏమీ తినకూడదో స్కాన్ సెంటర్ వాళ్లనే అడగండి. బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

5. బల్ల మీద

నగలు తీసేయండి, ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలకండి. కాంట్రాస్ట్ ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కినట్టు, నోట్లో లోహపు రుచి వచ్చినట్టు, మూత్రం పడిపోయినట్టు కూడా అనిపిస్తుంది. క్షణాల్లో పోతుంది, టెన్షన్ పడకండి. కానీ దురద, దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, సూది దగ్గర నొప్పి లేదా వాపు ఉంటే వెంటనే చెప్పండి. గదిలో మీరు ఒక్కరే ఉన్నా మీ మాట బయటివాళ్లకు వినిపిస్తుంది.

6. స్కాన్ అయ్యాక

ఒంట్లో రేడియేషన్ మిగలదు, పిల్లలను నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. కాంట్రాస్ట్ తీసుకున్న తల్లులు కూడా పాలివ్వచ్చు. నీళ్లు ఎక్కువ తాగొద్దన్న ఆంక్ష లేనివారు బాగా తాగండి. మెట్‌ఫార్మిన్ ఆపమని ఉంటే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి.

రిపోర్టులో "చిన్న నాడ్యూల్" (చిన్న గడ్డ), "సిస్ట్" (నీటి తిత్తి) అని కనబడితే ఫోన్‌లో వెతుక్కుంటూ రాత్రంతా నిద్ర చెడగొట్టుకోకండి. అలాంటివి చాలావరకు హాని లేనివే. అయినా వదిలేయకుండా డాక్టరుకు చూపించండి. కాగితం రిపోర్టుతో పాటు ఫిల్మో సీడీయో కూడా అడిగి తీసుకుని, పైన తేదీ రాసి దాచుకోండి. రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, అవి చేతిలో లేకపోతే మళ్లీ తీయించాల్సి రావచ్చు.