ఎస్సీ కాలనీకి ఆటస్థలం, కళావేదిక: ఎంపీ నిధులు ఎలా తెచ్చుకోవాలి?

పన్నెండేళ్లుగా ఊళ్లవాళ్లకు ఈ అర్జీలు రాసిస్తున్నాను. చాలామంది చేసే తప్పు ఒక్కటే. ముందు ఎంపీ దగ్గరికి వెళ్లి దండ వేస్తారు, ఆ తర్వాత స్థలం వెతుకుతారు. ఫొటో పేపర్లో పడుతుంది. రెండేళ్లయినా కాలనీలో గునపం దిగదు. వరస మార్చండి. ముందు స్థలం, తర్వాతే ఎంపీ.

డబ్బు లెక్క

ఎంపీ ల్యాడ్స్ అంటే ఎంపీ సిఫార్సుతో స్థానిక పనులకు కేంద్రం ఇచ్చే నిధుల పథకం, 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఆ డబ్బులో కనీసం 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాల పనులకు, 7.5 శాతం డబ్బు ఎస్టీలు ఉండే ప్రాంతాల పనులకు సిఫార్సు చేయాలి. అంటే ఎస్సీ వాడలకు 75 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి. భాగిస్తే ఒక్కోదానికి 10 లక్షల 70 వేల చిల్లర. ఇండోర్ స్టేడియం కావాలని అర్జీ పెడితే ఎందుకు పక్కన పడుతుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఏం అడగాలి

కబడ్డీ కోర్టు, వాలీబాల్ కోర్టు, ఒక వేదిక, నాలుగు లైట్లు. ఇంతే అడగండి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18కి 9, చుట్టూ మరో మూడు మీటర్లు. వేదికతో కలిపి పాతిక సెంట్లలో సర్దుకోవచ్చు. జిమ్ పరికరాలు మాత్రం వద్దు. ఒక బోల్టు ఊడితే బిగించే దిక్కుండదు, ఏడాదికల్లా తుప్పు పడతాయి.

వేదిక గురించి ఒక మాట. ఎత్తుగా అరుగు కట్టి దాన్నే కళావేదిక అంటున్నారు. నాటకానికైతే అది సరే. డప్పు ఆట, కోలాటం, చెక్కభజన గుండ్రంగా తిరుగుతూ ఆడేవి. వాటికి కావలసింది చదునైన నేల, మీద ఒక లైటు. అందుకే చిన్న అరుగు, దాని ముందు కనీసం పది మీటర్ల చదును నేల అని ఎస్టిమేట్‌లోనే రాయించాలి. ఇది మీ వాడలో డప్పు కొట్టేవాళ్లను అడిగి రాయించండి, ఇంజనీరుకు వదిలేయకండి.

స్థలం: ఇక్కడ తొందర పడొద్దు

"అది గవర్నమెంటు జాగానే" అని ఊళ్లో అందరూ అంటారు. ఆ మాట మీద ఒక్క అడుగు కూడా వేయొద్దు. సర్వే నంబరు కనుక్కుని, రికార్డులో ఆ భూమి వర్గీకరణ ఏమని ఉందో మీ కళ్లతో చూడండి. ఆంధ్రలో అడంగల్ (ఊరి భూముల లెక్క), ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి మూల రిజిస్టరు). తెలంగాణలో వాటిలాంటివే పహాణీ, సేత్వార్.

చెరువు, కుంట, వాగు పోరంబోకు అని ఉంటే వదిలేయండి. ఎండాకాలంలో అది మైదానంలాగే కనిపిస్తుంది, మోసపోవద్దు. చెరువు భూమిని ఇళ్లస్థలాలకు ఇవ్వడం చెల్లదని 2001లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నేను అర్జీ రాసిన ఒక ఊళ్లో సిఫార్సు వచ్చి, ఎస్టిమేట్ కూడా అయ్యాక ఆ సర్వే నంబరు చెరువుదని తేలింది. ఏడాదిన్నర తిరుగుడు వృథా. రికార్డు ముందే చూడకపోవడం నా తప్పు కూడా. ఆ వాడ పిల్లలు ఇప్పటికీ రోడ్డు పక్కనే ఆడుతున్నారు.

రామాలయం వెనక జాగా, చర్చి పక్క జాగా కూడా కుదరవు. ప్రార్థనా స్థలాల్లో, మత సంస్థల భూముల్లో ఎంపీ నిధుల పనులు చేయకూడదని నియమం ఉంది. కాలనీలో ఖాళీ జాగా సాధారణంగా అక్కడే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

డీకేటీ పట్టా భూమి జోలికి అసలు పోవద్దు. అది ప్రభుత్వం ఒక పేద కుటుంబానికి ఇచ్చిన భూమి. దాన్ని అమ్మడం, దానంగా ఇవ్వడం చెల్లదని 1977 చట్టం చెప్పింది, ఆంధ్రలో 2023లో దాన్ని కొంత సడలించారు. చట్టం సంగతి అలా ఉంచినా, ఊరి కోసం ఇచ్చెయ్యమని ఒక ఇంటి మీద పదిమంది ఒత్తిడి తేవడం అన్యాయం.

గ్రామకంఠంలో (ఊరి ఇళ్లు ఉండే నేలలో) ఖాళీ జాగా గానీ, పంచాయతీకి అప్పగించిన స్థలం గానీ దొరికితే మంచిది. మండల సర్వేయరుతో కొలిపించి, పక్క రైతులు ఉండగానే హద్దురాళ్లు వేయించి, వాళ్ల సంతకాలు తీసుకోండి. ఈ సంతకాలు లేకపోతే, పునాది తీసే రోజు ఎవరో ఒకరు వచ్చి ఇది మాదంటారు. ఆక్రమణలు, వివాదాలు లేవని తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట పనికిరాదు, ఆ అధికారి బదిలీ అయితే మాట కూడా ఆయనతోనే పోతుంది.

స్థలం కాలనీలోనో, కాలనీని ఆనుకునో ఉండాలి. ఊరికి అవతల ఎకరం ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. అంత దూరం పోతే అది ఎస్సీ వాటా కింద లెక్కకు రావడమే కష్టం. పైగా చీకటి పడ్డాక ఆడపిల్లలు అక్కడికి వెళ్లలేరు.

తీర్మానం, అర్జీ

పంచాయతీ తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, నిర్వహణ బాధ్యత పంచాయతీదే అన్న వాక్యం, ఈ మూడూ ఉండాలి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. పొగడ్తలు వద్దు. సంతకాల్లో సగం ఆడవాళ్లవి ఉండాలి.

ఎంపీ చేసేది సిఫార్సే. మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అందుకే ఎంపీకి ఇచ్చిన కాగితాల నకలు సోమవారం కలెక్టరేట్‌లో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కంపెనీల విరాళాల కన్నా ఈ డబ్బే మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. విరాళం ఇచ్చినవాళ్లను లెక్క అడగలేం. ఇది మన డబ్బు, ప్రతి రూపాయీ అడగొచ్చు.

పని మొదలయ్యాక

ఎస్టిమేట్ కాపీ దగ్గర పెట్టుకోండి. కాంక్రీటు పోసే రోజు వాడలో తాపీపని తెలిసిన ఇద్దరు అక్కడే ఉండాలి. పనికి ఎవరి పేరూ పెట్టకూడదు, అలా పెట్టడానికి పథకం ఒప్పుకోదు. పథకం పేరు, ఖర్చు, సంవత్సరం రాసిన ఫలకం ఉందో లేదో చూడండి. లైట్ల మీటరు పంచాయతీ పేరు మీదే తీయించి, స్విచ్ బోర్డు తాళం ఒకటి అమ్మాయిల జట్టు దగ్గర ఉంచండి.