నెట్ రాని రోజు కూడా నడిచే పాఠం

మాది నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. సోషల్ పోస్టు ఖాళీ అయిన ఏడాది "మేడమ్, కొన్నాళ్లు సర్దండి" అని ఎనిమిదో తరగతి సోషల్ కూడా నాకే ఇచ్చారు. కొన్నాళ్లంటే రెండేళ్లు. అట్లా రెండు సబ్జెక్టులకూ నెట్‌లో వెతకడం అలవాటైంది. వెతికితే బోలెడు దొరుకుతుంది. దొరికిందల్లా క్లాసులో పెట్టడమే మొదట్లో నేను చేసిన తప్పు. ఒకరోజు కాంతి పాఠానికి ఏదో వీడియో పెడితే, ముందు రమ్మీ యాడ్ వచ్చింది. వెనక బెంచీలో ఒకడు ఆ యాడ్‌లో మాటలన్నీ తప్పు లేకుండా అప్పజెప్పాడు, పాఠం ఏనాడూ అట్లా చెప్పలేదు. ఆ తర్వాత అసలు వీడియో గిరగిరా తిరిగి ఆగిపోయింది. పీరియడ్‌లో పావుగంట పోయింది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఏదైనా ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటాను. వైఫై, డేటా రెండూ ఆపేసి తెరిచి చూస్తాను. తెరుచుకుంటేనే బడికి వస్తుంది. పీరియడ్‌కి ఒక్కటే. అది చూపించేముందు పిల్లలు నోట్‌బుక్‌లో తమ ఊహ రాయాలి. రాయకుండా చూపిస్తే అది సినిమా చూసినట్టే అవుతుంది.

సైన్స్‌కి నేను ఎక్కువగా వాడేది ఫెట్. ఇంగ్లిష్‌లో పి, హెచ్, ఇ, టి అని కొడితే వస్తుంది. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లది. ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. అందులో సిమ్యులేషన్లు, అంటే వేలితో కదిపి చూసే ప్రయోగాలు ఉంటాయి. ఒక్కో దాని పేజీలో కిందికి బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఒకే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు దిగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే క్రోమ్‌లో తెరుచుకుంటుంది, నెట్ అక్కర్లేదు. అనువాదాల జాబితాలో తెలుగు ఉందేమో చూడండి. అన్నింటికీ లేదు. లేనివాటికి ఇంగ్లిష్‌దే వాడి, బోర్డు మీద తెలుగు పదాలు రాస్తాను. ఒక హెచ్చరిక: గోడకి బిగించిన పెద్ద స్క్రీన్ ప్యానెళ్లలో కొన్ని పెన్‌డ్రైవ్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫైలుని తెరవవు. అప్పుడు ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపాలి. ఆ కేబుల్ నా సంచిలోనే ఉంటుంది, స్టాఫ్ రూమ్‌లో పెడితే మళ్లీ దొరకదు.

పదో తరగతి విద్యుత్ పాఠానికి నేను చేసేది వివరంగా చెప్తాను, మిగతావాటికీ ఇదే పద్ధతి. సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అనేదాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. క్లాసులో ముందు స్క్రీన్ జోలికి పోను. టార్చి బల్బు, సెల్లు, వైర్లతో నిజమైన సర్క్యూట్ ఒకటి వెలిగిస్తాను. తర్వాత ప్రశ్న: "బల్బులోకి పోయే ముందు కరెంట్ ఎక్కువా, బయటికొచ్చాక ఎక్కువా, సమానమా?" సగానికి పైగా "బల్బు కొంత వాడేసుకుంటుంది కదా మేడమ్, వచ్చేటప్పుడు తక్కువ" అని రాస్తారు. రాయనివ్వండి, దిద్దకండి. అప్పుడు సిమ్యులేషన్‌లో బ్యాటరీ, బల్బు పెట్టి, బల్బుకి ముందొక అమ్మీటర్ (కరెంట్ కొలిచేది), తర్వాత ఒకటి కలపమని ఒక పిల్లని పిలుస్తాను. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు. రెండు అమ్మీటర్లూ 0.90 ఆంపియర్లే చూపిస్తాయి. క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. పాఠం అక్కడినుంచి మొదలుపెడతాను: మరి బల్బు వాడుకునేది ఏమిటి? శక్తి అనే మాట వాళ్ల నోటినుంచే రావాలి. తర్వాత బ్యాటరీని 18 వోల్టులకు పెంచే ముందు మళ్లీ ఊహ రాయిస్తాను.

బ్యాటరీ రెండు కొసల్నీ ఒట్టి వైరుతో కలిపితే స్క్రీన్ మీద మంట వస్తుంది. ఇది పిల్లలు ఎలాగూ కనిపెడతారు. మీరే ముందు చూపించి, ఇంట్లో చేయొద్దని చెప్పడం మేలు. ఇంకో రెండు సంగతులు తప్పక చెప్పాలి. వైరులో కదిలే నీలం గుండ్లు ఎలక్ట్రాన్ల బొమ్మలే, ఎలక్ట్రాన్లు అట్లా ఉండవు. అట్లాగే అందులోని మామూలు బల్బు నిరోధం మారదు, నిజం బల్బు ఫిలమెంటు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. అందుకే చేతిలో సామాను ఉంటే సిమ్యులేషన్ రెండోదే. సామానుతో చూపించలేనిదానికే స్క్రీన్.

సామానంటే గుర్తొచ్చింది, అరవింద్ గుప్తా గారి సైటు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం పిల్లలకు నేర్పుతూ వచ్చారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. చిన్న చిన్న వీడియోలు, పుస్తకాల పీడీఎఫ్‌లు అన్నీ ఉచితం. నేను ఏటా చేయించేది సెల్లు, అయస్కాంతం, రెండు పిన్నీసులు, రాగి తీగ చుట్టతో మోటార్. ఎనామిల్ తీగ, అంటే కరెంట్ పోనివ్వని పూత ఉన్న రాగి తీగ, మోటార్ వైండింగ్ షాపులో అడిగితే ముక్కలు ఊరికే ఇస్తారు. కిటుకు గీకడంలో ఉంది. చుట్ట ఒక కొసన ఎనామిల్ అంతా గీకాలి, రెండో కొసన సగం వైపే గీకాలి. మొదటి ఏడాది నేను రెండు కొసలూ శుభ్రంగా గీకించాను. ముప్పై మోటార్లు వణికాయి తప్ప ఒక్కటీ తిరగలేదు. చుట్ట సగం తిరిగాక కరెంట్ ఆగకపోతే అదే బలం వెనక్కి లాగుతుంది మరి. ఆ తప్పు వల్ల కమ్యుటేటర్, అంటే మోటార్‌లో సగం తిరిగాక కరెంట్ దిశ మార్చే భాగం, ఎందుకో నాకే బాగా అర్థమైంది.

ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షా మీకు తెలిసే ఉంటుంది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠానికి సంబంధించినవి వస్తాయి, యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొన్ని బాగుంటాయి, కొన్నింటిలో పుస్తకాన్నే చదివి వినిపిస్తారు. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ల్యాబ్ ఓల్యాబ్స్‌లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ప్రయోగాలున్నాయి. నేను ఇంట్లో చూసుకుని ప్రశ్నలు మాత్రం తీసుకుంటాను.

ఇక చరిత్ర. రెండు సబ్జెక్టులూ నా చేతిలో ఉండడం వల్ల కలిసొచ్చిన పాఠం ఒకటుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ దారి రాయచూరు మీదుగా మా జిల్లా దాటి పూరీ వైపు పోయింది. ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది. ఏ ఊళ్లో, ఏ రోజు ఆకాశం ఎట్లా ఉందో చూపించే స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకోండి. ఎఫ్6 నొక్కితే ఊరి కిటికీ వస్తుంది, నల్గొండ అని పెట్టండి. దొరక్కపోతే అక్షాంశం 17.05 ఉత్తరం, రేఖాంశం 79.27 తూర్పు. ఎఫ్5 నొక్కి తేదీ, మధ్యాహ్నం రెండున్నర పెట్టండి. సూర్యుణ్ని పట్టుకుని దగ్గరగా చూస్తూ ఎల్ నొక్కుతూ పోతే కాలం పరుగెత్తుతుంది, జె నొక్కితే నెమ్మదిస్తుంది. మూడున్నర దాటాక సూర్యుడు పూర్తిగా మునిగిపోతాడు.

దీన్ని చూపించే వారం ముందే హోంవర్క్ ఇస్తాను: ఇంట్లో అరవై దాటినవాళ్లని ఆ రోజు గురించి అడిగి రాసుకురండి. ఒక నాయనమ్మ కోళ్లు గూట్లోకి పోయాయని చెప్పింది. ఒక తాత చుక్కలు కనబడ్డాయన్నాడు. ఇంకో తాత తలుపులేసుకుని లోపలే కూర్చున్నామని, ఏమీ చూడలేదని చెప్పాడు. పచ్చడి జాడీల మీద గరిక వేసిన సంగతి మాత్రం అందరూ చెప్పారు. ఒకామె గ్రహణం పొద్దున్నే పట్టిందని గట్టిగా అంది. అప్పుడు స్టెల్లేరియం తెరిస్తే పిల్లలకు పని దొరికింది: ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి? పొద్దున అన్నామె అబద్ధం చెప్పిందా, వేరే గ్రహణంతో కలిపేసుకుందా?

ఈ ప్రశ్నలు నా సొంతం కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టి ఇప్పుడు డిజిటల్ ఇంక్వైరీ గ్రూప్ పేరుతో నడుస్తున్నవాళ్లు చరిత్ర పాఠాలు ఉచితంగా ఇస్తున్నారు, పేరు నమోదు చేసుకుంటే చాలు. పాఠాల్లో ఎక్కువ అమెరికా, ప్రపంచ చరిత్ర, అదీ ఇంగ్లిష్‌లో. మనకు నేరుగా పనికిరావు. వాళ్ల పద్ధతి మాత్రం పనికొస్తుంది. దాన్ని నేను అట్టముక్క మీద తెలుగులో రాసి గోడకి తగిలించాను: ఇది ఎవరు చెప్పారు, కళ్లారా చూశారా? అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది? ఇంకెవరైనా ఇదే చెప్పారా? ఏ మాటలు వాడారు, ఎందుకు?

మాకు దగ్గర్లో నాగార్జునకొండ ఉంది కాబట్టి దాన్నీ వాడతాను. 1926లో బయటపడిన పాత బౌద్ధ క్షేత్రం, నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్లలో మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వారు. సాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967కి పూర్తయింది. టెక్సాస్ యూనివర్సిటీ మ్యాప్ లైబ్రరీ సైట్‌లో అమెరికా సైన్యం 1950లలో వేసిన భారతదేశపు మ్యాపులు ఉన్నాయి. ముందు ఇండెక్స్ మ్యాపు తెరిచి మీ ప్రాంతం ఏ షీటులో ఉందో చూసుకోవాలి, లేకపోతే రాత్రంతా వెతకాలి. ఆ షీటునీ, గూగుల్ ఎర్త్‌లో ఇప్పటి సాగర్‌నీ ఫొటోలుగా సేవ్ చేసుకుని పక్కపక్కన పెట్టి, "ఏ ఊర్లు కనబడట్లేదు?" అని అడగండి. శిల్పాల ఫొటోలకి కేంద్ర సంస్కృతి శాఖ వాళ్ల మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ ఉంది, అందులో నాగార్జునకొండ మ్యూజియం ఉంది.

పాత తెలుగు పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు అక్కడున్నాయి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు, కాబట్టి "ఆంధ్ర"కి ఒక ఎ, రెండు ఎ పెట్టి రెండు విధాలా వెతకండి. పుస్తకం మొత్తం క్లాసుకి తేకండి. ఒక్క పేజీ ప్రింటు తీసి, ఇద్దరికొకటి ఇస్తే చాలు.

చివరగా ఫోల్డర్ల సంగతి. తరగతి నంబరు, పాఠం పేరు, దాంతోపాటు ఆ రోజు అడగాల్సిన ప్రశ్న, ఈ మూడూ ఫైలు పేరులోనే పెట్టండి. "10 విద్యుత్ బల్బు తర్వాత కరెంట్ తగ్గుతుందా" అని. పెన్‌డ్రైవ్‌కి ఒక కాపీ తీసి ఇంట్లో ఉంచండి. నాది ఒకసారి బస్సులో పోయింది. ఆ నెలంతా సుద్దముక్కతోనే నడిపాను.